బొంత లేని గోడ

ఆ రోజుల్లో మాకు సిగ్గుపడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఫ్లెక్సీ మీద పేరు చిన్న అక్షరాల్లో పడితే సిగ్గు, పెద్ద అక్షరాల్లో పడితే అంతకన్నా సిగ్గు. అమ్మ నడిరోడ్డు మీద వంకాయల దగ్గర బేరమాడుతుంటే మేం పక్క షాపు బోర్డు శ్రద్ధగా చదువుతున్నట్టు నటించేవాళ్ళం. ఇప్పటి పిల్లలు అమ్మానాన్నల చేత డాన్సులు చేయించి లోకమంతటికీ చూపిస్తున్నారు, వాళ్ళ గుండె ధైర్యానికి ఒక దండం. నా ఇరవై రెండో ఏట అనకాపల్లిలో నాకు జరిగిన పరాభవం కూడా ఇంట్లోవాళ్ళ చలవే. (ఇంట్లోవాళ్ళంటే అమ్మే. నాన్న ఎన్నడూ ఎవరినీ సిగ్గుపరచలేదు. అమ్మ ఉండగా ఆయనకు నోరు తెరిచే అవకాశం ఎక్కడిది?) ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నా చెవులు వేడెక్కుతాయి.

విశాఖపట్నంలో చిత్రలేఖనం డిప్లొమా చేసి ఇంటికి తిరిగొచ్చిన నాకు, బెల్లం వ్యాపారులు కొందరు కలిసి నడిపే చిన్న మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. మ్యూజియం అంటే ఏదో ఊహించుకునేరు. పాత బెల్లం గోడౌనుకు సున్నం కొట్టి, చెక్క చెరుకు గానుగ ఒకటి, బెల్లం వండే పెద్ద పెనం ఒకటి, కొన్ని లక్కబొమ్మలు, ఎవరో జమీందారు గారి పట్టు గొడుగు పెట్టారు. మనుషుల కంటే చీమలు ఎక్కువగా వచ్చేవి, గోడల్లో ఇంకిన బెల్లం వాసన వాటికి ఇంకా తెలుస్తూ ఉండేది కాబోలు. నా హోదా 'అసిస్టెంట్ క్యూరేటర్, బ్రాకెట్లో తాత్కాలికం'. అమ్మ చర్చిలో అందరికీ "మా పిల్ల మ్యూజియంలో ఉందండీ" అని గొప్పగా చెప్పుకునేది. విన్నవాళ్ళు "టిక్కెట్టెంతేటి?" అని అడిగేవారు.

అలాంటి చోటికి క్యూరేటర్‌గా హైదరాబాదు నుంచి మేడం వచ్చారు. నేత చీర, రూపాయంత బొట్టు, గొంతు మెత్తన, పట్టుదల మాత్రం ఉడుం పట్టు. "చూసి వెళ్ళిపోయేవాళ్ళు మళ్ళీ రారమ్మా. కూర్చుని చేతులతో ఏదైనా చేసినవాళ్ళు వస్తారు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని చేస్తే వాళ్ళు ఒకరికొకరు కావలసినవాళ్ళవుతారు" అనేవారు. వచ్చిన వారంలోనే 'ముట్టుకోరాదు' అనే బోర్డులన్నీ పీకించేశారు. మర్నాడు ఎవరో జమీందారు గొడుగు వేసుకుని ఎండలో టీ తాగడానికి వెళ్ళొచ్చారు. బంకమట్టితో బొమ్మలు చేద్దామని ప్రకటిస్తే బళ్ళోంచి పిల్లలు వచ్చి, బొమ్మలు చెయ్యకుండా ముద్దలు ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకుని వెళ్ళారు. ఆ మట్టి గోడల మీంచి గీకుతూ మేడం ఒక నిట్టూర్పు విడిచి, "మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు తీరిక వేళ ఏం చేస్తారు?" అని అడిగారు. "ఏముందండీ, బొంతలు కుడతారు" అన్నాను, ఆ మాట అనడానికీ కాస్త సిగ్గుపడుతూనే. మేడం కళ్ళు మెరిశాయి.

అలా 'ఊరి బొంత' మొదలైంది. ప్రతి ఇంటి నుంచి ఒక పాత గుడ్డ తేవాలి, ఎవరి ముక్క వాళ్ళే కుట్టాలి, ఆ గుడ్డ సంగతేమిటో నలుగురికీ చెప్పాలి. పూర్తయ్యాక పెద్ద హాలులో గోడకు వేలాడదీస్తాం. నేను చార్టు మీద ఉదయించే సూర్యుణ్ణి, చెరుకు తోటల్ని గీసి, ఏ రంగు ఎక్కడ రావాలో బాణం గుర్తులు పెట్టాను. వచ్చినవాళ్ళు ఆ చార్టును కింద పరుచుకుని దాని మీద కూర్చున్నారు. అమ్మ తన మహిళా సమాజం స్నేహితులను వెంటబెట్టుకొచ్చింది. మా వీధి వాళ్ళు వచ్చారు. రిటైరైన రైల్వే మావయ్య గారొకాయన తన ఖాకీ చొక్కా జేబు తెచ్చి, సూదిలో దారం ఎక్కించలేక దాన్నీ నన్నూ కలిపి తిట్టారు. అందరికంటే ముందొచ్చి అందరి తర్వాత వెళ్ళేది మాత్రం బుచ్చయ్యపేట అత్త. వాళ్ళాయన మార్కెట్ యార్డులో బెల్లం వేలంపాట అయ్యేదాకా కూర్చుంటే, ఈవిడ ఫ్యాను కోసమని మా మ్యూజియంలోకి వచ్చి కూర్చునేది. మొదటి రోజు "ఇక్కడేటి అమ్ముతారమ్మా?" అని అడిగింది. ఏమీ అమ్మం, బొంత కుడుతున్నాం అంటే "మరీ మంచిది" అని బొడ్లో దోపుకున్న సంచిలోంచి సూది తీసింది.

బొంత కుట్టడంలో ఒక తమాషా ఉంది. మా వైపు అంచుల దగ్గర మొదలుపెట్టి మధ్యకు కుట్టుకుంటూ వస్తారు. మొదట్లో చర్చి వాళ్ళు ఒక పక్క, బెల్లం అమ్మడానికి వచ్చిన పల్లె వాళ్ళు ఇంకో పక్క, వీధి వాళ్ళు మరో పక్క, ఎవరి గోల వారిది. కుట్టు లోపలికి జరిగే కొద్దీ వీళ్ళూ జరగాలి కదా, చివరికి మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేంత దగ్గరికి వచ్చేశారు. వచ్చాక వదినలూ అప్పలూ అయిపోయారు. అత్త కోడలికి నెలలు నిండాయని తెలిసి అమ్మ ఉసిరికాయ పచ్చడి పంపింది. ఆ కోడలికి పచ్చడి పడలేదట, అత్తే తిని బాగుందని కబురు చేసింది. మేడం ఇదంతా చూసి మురిసిపోతూ 'సామాజిక అనుబంధాలు' అని పెద్ద పెద్ద మాటలు అనేవారు. నేనూ ఆ మాటలు బట్టీ పట్టి, అద్దం ముందు చేతులు తిప్పుకుంటూ అప్పజెప్పుకునేదాన్ని.

ఇంతలో అమ్మ తన ముక్క తెచ్చింది. తెల్ల శాటిను. చూడగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో నేను దేవదూత వేషం కట్టిన గౌను అది. గొర్రెల కాపరుల ముందుకొచ్చి భయపడవద్దని చెప్పాల్సిన దేవదూత, ఆ మాట చెప్పకముందే తనే భయపడి, స్టేజీ మీద నిలబడ్డ చోటే తడిపేసింది. (కాపరి వేషంలో ఉన్న మా పెదనాన్న కొడుకు గొర్రెపిల్లను ఎత్తుకుని పక్కకు దూకాడు. జనం అది నాటకంలోదే అనుకుని చప్పట్లు కొట్టారు.) "అమ్మా, నీకు దండం పెడతాను, ఆ కథ మాత్రం ఎవరికీ చెప్పకు" అన్నాను. "ఏం, మంచి కథే కదే" అంది అమ్మ, సూది నోట్లో పెట్టుకుని.

మూడు నెలలకు బొంత పూర్తయింది. ఆవిష్కరణ సభకు మా ట్రస్టు ప్రెసిడెంటు గారు, అంటే పెద్ద బెల్లం వ్యాపారి, ముఖ్య అతిథి. సభ బాగా జరిగితే నా పేరు పక్కనున్న 'తాత్కాలికం' తీసేయిస్తానని మేడం మాటిచ్చారు. బొంతను గోడకు తగిలించి, ముందు మెరూన్ రంగు తెర కట్టి, తెర మడతలు మేడం స్వయంగా సర్దారు. వీటిని ఎవరూ కదపకూడదని ఆజ్ఞ. ముందు రోజు మేడంతో కలిసి ఫ్లెక్సీలూ జ్ఞాపికలూ తేవడానికి విశాఖపట్నం వెళ్తూ తాళాలు అమ్మకు ఇచ్చాను. "రేపు పొద్దున్నే తలుపు తీసి ఊడ్పించు, అంతే. ఇంకేమీ ముట్టుకోకు. సభలో వెనక వరసలో కూర్చో. ఎవరైనా మాట్లాడమన్నా మాట్లాడకు" అన్నాను. "నేనెందుకు మాట్లాడతానే, నాకు మాటలు రావు కదా" అంది అమ్మ. ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు బయల్దేరితే సబ్బవరం దగ్గర కారు టైరు పంక్చరైంది. మేం చేరేసరికి ప్రెసిడెంటు గారు దండ కోసం మెడ చాచి నిలబడి ఉన్నారు. తెర వెనక్కి తొంగిచూసే వ్యవధి ఎక్కడిది?

మైకు పట్టుకుని "మన అందరి చేతులూ కలిసిన కళాఖండం ఇప్పుడు మీ కళ్ళ ముందు" అన్నాను. ప్రెసిడెంటు గారు తాడు లాగారు. తెర మడతలు చెడకుండా ఎంతో అందంగా పక్కకు వెళ్ళింది. వెనక తెల్లటి గోడ, వరసగా మేకులు, పక్కన నేను నా చేత్తో అందంగా రాసి అంటించిన కాగితం: 'ఇది మన అందరిదీ. తాకి చూడండి.' ప్రెసిడెంటు గారు ఆ కాగితం చదివారు. గోడను చూశారు. మళ్ళీ కాగితం చూశారు. హైదరాబాదు వాళ్ళ కళ ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నారు పాపం, భక్తిగా ముందుకెళ్ళి అరచేతులు రెండూ గోడకు ఆనించారు. చేతులకు సున్నం అంటుకుంది. వెనకే కార్యదర్శి గారు కూడా వెళ్ళి తాకారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మేడం నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తుంది. నాకు కాళ్ళ కింద నేల విడిపోతే దూకేద్దామనిపించింది కానీ, అది బెల్లం బస్తాల కోసం వేసిన గట్టి సిమెంటు నేల.

అప్పుడు వెనక వరస నుంచి అమ్మ గొంతు మైకు అవసరం లేకుండా వినిపించింది. "అయ్యో, అది ఇక్కడ నేదండీ. బిడ్డ కింద ఉంది." సభంతా వెనక్కి తిరిగింది. నేను పరుగున వెళ్ళి అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను. "ఏ బిడ్డ?" అంటే, "మన బుచ్చయ్యపేట వదిన మనవడే. నిన్న సాయంత్రం పుట్టేడు, ప్రభుత్వాసుపత్రిలో. పొద్దున్న వదిన వచ్చి, పుట్టిన బిడ్డని కొత్త గుడ్డ మీద పడుకోబెట్టకూడదు, ఓ నాలుగు పాత గుడ్డలుంటే ఇయ్యమంది. నాలుగిళ్ళ గుడ్డలైతే ఆయుష్షని మన పెద్దోళ్ళు అంటారు కదేటి. ఊరందరి గుడ్డలూ ఒక్కచోట ఉంటే వేరేవి వెతకడమెందుకని ఇచ్చేసేను. సభ వేళకి తెచ్చేత్తానంది, పాపం కోడలికి ఆపరేషను కదా, వీలుపడలేదు గావోలు" అంది. "ముట్టుకోవద్దని చెప్పాను కదమ్మా!" అంటే, "బోర్డులన్నీ మీ మేడమే పీకించేరు కదే" అంది. మేడం మైకులో "ఇప్పుడు టీ విరామం" అని ప్రకటించారు. అందరూ లడ్డూల వైపు నడిచారు. నేను అమ్మను ఆటోలోకి తోసి, పక్కన నేనూ ఎక్కాను.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు. ఇనప మంచం మీద కోడలు మత్తుగా నిద్రపోతోంది. పక్కన మా కళాఖండం నాలుగు మడతల మీద, రైల్వే మావయ్య గారి జేబు సరిగ్గా తల కింద ఉండేలా, ఎర్రగా గుప్పెడంత పిల్లాడు పడుకున్నాడు. నేను ఏడుపు గొంతుతో విషయం చెప్పేసరికి అత్త లెంపలు వాయించుకుంది. "ఓలమ్మో, నా మతి మండిపోనూ! నీ పరువు తీసేసేను గదమ్మీ. తీసుకెల్దాం పద, ఇదేటి పెద్ద పని. నువ్వు బిడ్డనోపాలి ఎత్తు" అంది. నేను అంతవరకూ పుట్టిన బిడ్డను ముట్టుకోలేదు. పిన్ని దగ్గర అడిగి తెచ్చుకున్న పట్టుచీరలో, క్యూరేటర్ బ్యాడ్జి పెట్టుకుని, గాజు దీపం పట్టుకున్నట్టు పట్టుకున్నాను. అత్త బొంత లాగింది, చుట్టింది, చంకన పెట్టింది. "తొందరగా పదండి, నేను మాట్లాడాలి" అన్నాను. "నువ్వెలాగొత్తావు? కోడలు లేవనేదు, ఆ రెగ్జిన్ పరుపు సల్లగుంటాది, బిడ్డని దాని మీద పెడతామేటి? నా ముక్క కత నేనే సెప్పాల, మీ యమ్మ ముక్క కత మీ యమ్మే సెప్పాల. నువ్వు కూకో" అంది అత్త. నేను అమ్మ వైపు చూశాను. "నువ్వు మాత్రం వచ్చి ఏం చేత్తావే? కుట్టింది మేం కదా" అంది అమ్మ. కోపంతో కాదు, మామూలుగానే అంది. నేను చేతుల్లో బిడ్డను సర్దుకునేలోపు ఇద్దరూ గుమ్మం దాటేశారు, ఆటో చప్పుడు కూడా వినబడింది.

అలా నా సభ అక్కడ జరుగుతుంటే నేను ఇక్కడ స్టూలు మీద కూర్చున్నాను. నర్సమ్మ వచ్చి "మీరు బిడ్డకేమవుతారు?" అని అడిగింది. కంగారులో "మ్యూజియమండీ" అన్నాను. "అదేం వరసమ్మా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. పక్క మంచం ముసలమ్మ "మెడ కింద సెయ్యెట్టు, సేటలాగ పట్టుకున్నావేటి" అని కసిరింది. ఏడుపొచ్చింది. ఇంకేం చెయ్యాలో తెలియక, బట్టీ పట్టిన ప్రసంగం వాడి చెవిలోనే మొదలుపెట్టాను. 'సామాజిక అనుబంధాలు' దగ్గరికి వచ్చేసరికి వాడు నోరంతా తెరిచి ఆవులించాడు. 'ప్రజల భాగస్వామ్యం' అనేసరికి నా ఒడి వెచ్చగా అయింది. పిన్ని పట్టుచీర! లేవబోయాను కానీ వాడప్పుడే నిద్రలోకి జారాడు, నా బ్యాడ్జిని గుప్పిట్లో పట్టుకుని. కదలకుండా కూర్చున్నాను. ఉద్యోగం పోయినట్టే. ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. అన్నిటికంటే, అమ్మ అన్న మాట లోపల ఎక్కడో గుచ్చుకుంటూ ఉంది. ఆ బొంతలో నా కుట్టు ఒక్కటీ లేదు. నేను ఆ మూడు నెలలూ వాళ్ళ చుట్టూ తిరుగుతూ, పక్కన కూర్చుంటే కావలసినవాళ్ళవుతారని చెబుతూనే ఉన్నాను, నిలబడి. ఆ వార్డులో ఆ స్టూలు మీద అది తట్టేసరికి, ప్రెసిడెంటు గారు గోడ తాకినప్పటి కంటే ఎక్కువ సిగ్గేసింది.

పొద్దు వాలుతుండగా వాళ్ళు తిరిగొచ్చారు. ముందు అత్త, చంకలో బొంత. వెనక అమ్మ, మెడలో బంతిపూల దండ, భుజాల మీద జరీ శాలువా, చేతిలో కాగితం పళ్ళెంలో నా వాటా లడ్డూ. వెనకాల ఇంకో ఆటోలో మా చర్చి వాళ్ళు, రైల్వే మావయ్య గారు. నర్సమ్మ అడ్డుపడి ఇద్దరినే లోపలికి పంపింది. ఏమైంది, ఏమైంది అని నేను అడుగుతుంటే ఒకరి మాట మీద ఒకరు చెప్పారు. మేకులకు తగిలించారట. ప్రెసిడెంటు గారు తాకి "ఇది తడిగా ఉందేమిటి?" అన్నారట. "మా మనవడండీ" అని అత్త చెప్పిందట. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేక, ఉంచుకోలేక, చివరికి పెద్దగా నవ్వేసి వందేళ్ళు బతకమని దీవించారట. తర్వాత మేడం మైకు అమ్మకు ఇచ్చారట. అమ్మకు మైకు దొరికితే మహిళా సమాజం అలవాటు కొద్దీ ముందు ప్రార్థనే. అడ్డబొట్టు పెట్టుకున్న ప్రెసిడెంటు గారితో సహా సభంతా లేచి కళ్ళు మూసుకుందట.

"తర్వాత ఏం మాట్లాడావు?" అన్నాను, సమాధానం తెలిసే. "ఏముంది, నీ దేవదూత గౌను కథ చెప్పేను. జనం పడీ పడీ నవ్వేరు. మీ మేడమైతే కళ్ళంట నీళ్ళెట్టుకున్నాది" అంది అమ్మ. ప్రెసిడెంటు గారు తుండుతో కళ్ళు తుడుచుకుని, ఆ ఉద్యోగమేదో ఈవిడకే ఇద్దామా అన్నారట. ("నాకు చర్చి పనులకే తీరిక నేదండీ, పిల్లనే ఉంచండి" అని అమ్మ సిఫారసు చేసిందట. ఆ సిఫారసు మీదే నా తాత్కాలికం తీసేశారని మేడం తర్వాత నాతో చెప్పారు. ఇంతకంటే సిగ్గు ఇంకేం కావాలి?) "మరి బొంత ఎందుకు తెచ్చేశారు? గోడకు ఉండాలి కదా" అన్నాను నీరసంగా. అత్త నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "అందరూ సూసేరు, అందరూ తాకేరు. ఇంక గోడకెందుకమ్మీ, దానికేటి సలేత్తాదా?" అంది. మేడం వద్దనలేదట. పైగా తానే తెర వేసి వెళ్ళారట.

అత్త బొంత తడిసిన వైపు కిందకు మడిచి పరిచి, బిడ్డ కోసం చేతులు చాచింది. ఇచ్చేశాను. చేతులు తిమ్మిరెక్కి ఉన్నాయి, ఖాళీ అయ్యాక ఏం చేసుకోవాలో తెలియలేదు. అప్పుడు కానీ అమ్మ నా చీర వంక చూడలేదు. చూసి, తన భుజాల మీది శాలువా తీసింది. దాన్ని బిడ్డ మీద కప్పుతుందనుకున్నాను. "ఇది కొత్తది, బిడ్డకి పనికిరాదు. నువ్వు కప్పుకో" అని నా చుట్టూ తిప్పి, తడి కనబడకుండా చెంగు సర్దింది. పక్క మంచం ముసలమ్మ మోచెయ్యి మీద లేచి, "ఏటమ్మా, పిల్లకి సన్మానవా?" అంది. "అవునప్పా, ఓ బిడ్డని పడెయ్యకుండా ఇంతసేపు ఎత్తుకుంది" అంది అమ్మ, మాటలు రాని మనిషి కదా.

వార్డంతా నవ్వింది, గుమ్మం దగ్గర నర్సమ్మతో సహా. అత్త బొంతను ఉతికి తిరిగి తెచ్చిచ్చాక ఎవరింట పురుడొచ్చినా ఆ బొంత కోసం మ్యూజియానికి మనుషులు వచ్చేవారు, బొంత లేనప్పుడు వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని గానుగనూ పెనాన్నీ చూసి వెళ్ళేవారు, ఆ సంగతులు వేరు. నాకు మాత్రం ఆ సాయంత్రం స్టూలు మీద ఉన్న అమ్మాయే గుర్తుంటుంది. జరీ శాలువాలో ముడుచుకుని, తల ఎత్తలేక, ఇంక ఈ ఊళ్ళో బతకడం ఎలాగా అని దిగులుపడుతూ కూర్చుంది. ఆ దిగులు చూస్తే ఇప్పుడు జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. అంత సిగ్గులోనూ లడ్డూ మాత్రం పొడి కూడా మిగల్చకుండా తినేసింది.